రౌండ్ కొట్టే మనిషి

అణు విద్యుత్ కేంద్రమంటే మనకు గుర్తొచ్చేది గుండ్రటి గోపురం, తెల్లకోటు శాస్త్రవేత్త. రాత్రి రెండు గంటలకు టార్చి పట్టుకుని పంపు పక్కన వంగి నూనె మట్టం చూసే ఆపరేటర్ ఎవరికీ గుర్తురాడు. ఆ కేంద్రం భద్రత చాలావరకు అతని కాళ్ల మీద, చెవుల మీద, చేతి రాత మీద నడుస్తుంది. బొగ్గు కరెంటూ యురేనియం గనీ రెండూ ఉన్న మన సీమ నుంచే ఆ పనిని ఒకసారి దగ్గరగా చూద్దాం.

కుందూ ఒడ్డున నల్లరేగడిలో శనగ పండించే పెద్దముడియం మండలం నుంచి జమ్మలమడుగు వచ్చి, పెన్న దాటి నేరుగా దక్షిణానికి పోతే ముద్దనూరు వస్తుంది. అక్కడ తూర్పుకు తిరిగితే ఎర్రగుంట్ల మండలం కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ పొగగొట్టాలు కనిపిస్తాయి. తిరక్కుండా ఇంకా దక్షిణానికి పోతే పులివెందుల, దాని అవతల వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం గని. ఒక్క పూటలో తిరిగి రాగలిగిన దారి మీద బొగ్గుతో తీసే కరెంటూ, అణు కరెంటుకు కావలసిన ముడిసరుకూ రెండూ తగులుతాయి. దేశంలో ఇలాంటి ప్రాంతాలు ఎక్కువ ఉండవు. కలమల్ల పేరు చెప్పగానే చరిత్ర చదివినవాళ్లకు ఇంకొకటి గుర్తొస్తుంది. సుమారు 575 నాటిదిగా చెప్పే రేనాటి చోళుల తెలుగు శాసనం దొరికిన ఊరు అదే. తెలుగులో తొలి రాతగా పండితులు చెప్పే శాసనం ఉన్న ఊరి పొలిమేరలోనే, పద్నాలుగు శతాబ్దాల తర్వాత, మూడు షిఫ్టుల్లో లాగ్‌బుక్కులు రాసే వందలాది మంది వచ్చి చేరారు.

ఈ కథనం ఆ లాగ్‌బుక్కు రాసేవాళ్ల గురించి. అమెరికాలో వాళ్లను ఆక్సిలరీ ఆపరేటర్లంటారు. మన అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్‌లో ప్లాంట్ ఆపరేటర్, ఫీల్డ్ ఆపరేటర్. ఏపీ జెన్‌కోలో ప్లాంట్ అటెండెంట్. పని మాత్రం ఒక్కటే. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లు తెర మీద చూస్తున్నది నిజంగా అలాగే ఉందా అని యంత్రం దగ్గరికి నడిచి వెళ్లి చూసి రావడం, అదే రౌండ్ కొట్టడం. అక్కడి నుంచి ఏదైనా వాల్వు తెరవమంటే తెరవడం, మూయమంటే మూయడం. చూసింది రాయడం.

చెవితో చేసే పని

థర్మల్ కేంద్రంతోనే మొదలుపెడదాం, ఎందుకంటే మన ఇళ్లల్లో చాలామందికి అది తెలిసిన చోటు. రాయలసీమ థర్మల్‌లో 1994లో మొదటి 210 మెగావాట్ల యూనిట్ నడిచింది. ఇప్పుడు ఐదు 210 మెగావాట్ల యూనిట్లు, ఒక 600 మెగావాట్ల యూనిట్ కలిపి 1,650 మెగావాట్లు. బొగ్గు రైల్లో వస్తుంది, నీళ్లు మైలవరం జలాశయం నుంచి వస్తాయి. లోపలికి వెళ్తే బొగ్గును పిండి చేసే మిల్లులు, గాలి తోసే ఫ్యాన్లు, బాయిలర్‌లోకి నీళ్లు కొట్టే భారీ పంపులు, బూడిద పట్టే యంత్రాలు. ఒక్కో అటెండెంటుకు ఒక ప్రాంతం అప్పగిస్తారు. మిల్లుల దగ్గర ఉన్నవాడి ఒంటి మీద బొగ్గు పొడి, బూడిద తొట్ల కింద ఉన్నవాడి కళ్లల్లో దుమ్ము, టర్బైన్ హాలులో ఉన్నవాడి చెవుల్లో ఎనిమిది గంటల హోరు.

పొలంలో బోరు మోటారు శబ్దం కాస్త మారితే రైతు ఇంట్లో పడుకున్నా లేచి కూర్చుంటాడు. నీటి మట్టం తగ్గిందా, ఫేజు పోయిందా, బేరింగు పోతోందా అన్నది అతనికి చెవే చెబుతుంది. ప్లాంటులో మంచి ఆపరేటర్ చెవి సరిగ్గా అలాంటిదే. ఒక పంపు బేరింగు మీద చెయ్యి పెట్టి, నిన్న రాత్రి కంటే ఇవాళ వేడి ఎక్కువగా ఉందని గుర్తించడం అతని చదువు. గ్లాండు దగ్గర చుక్కలు పడాల్సిన చోట ధార కడుతుంటే, ఆవిరి గొట్టం కట్టు దగ్గర సన్నటి బుస వినిపిస్తే, నేల మీద నిన్న లేని నూనె మరక ఇవాళ కనబడితే అతను ఆగుతాడు. వీటిలో చాలావాటికి మీటర్లు ఉండవు. మీటరు పెట్టినచోటే చూస్తుంది, మనిషి దారి పొడుగునా చూస్తాడు. అందుకే ఎన్ని సెన్సర్లు వచ్చినా, ఎంత పెద్ద కంప్యూటర్ తెర వచ్చినా, ప్రపంచంలో ఏ అణు విద్యుత్ కేంద్రమూ రౌండ్లు మానేయలేదు.

అణు విద్యుత్ కేంద్రంలోనూ సగానికి పైగా పని ఇదే. టర్బైన్, జనరేటర్, కండెన్సర్, శుద్ధి చేసిన నీటి ప్లాంటు, కంప్రెసర్లు, డీజిల్ జనరేటర్లు, బ్యాటరీ గదులు, కరెంటు పోయినా నడవాల్సిన అగ్నిమాపక పంపులు. రాయలసీమ థర్మల్‌లో పనిచేసిన మనిషిని కైగా అణు కేంద్రం టర్బైన్ హాలులో నిలబెడితే అతనికి కొత్తగా అనిపించేది తక్కువ. గోడకు అవతల ఉన్నదే వేరు.

రియాక్టర్ గోడ దాటాక

మన దేశంలో ఎక్కువగా ఉన్నవి భారజలంతో నడిచే రియాక్టర్లు. కైగాలో, కల్పాక్కంలో, నరోరాలో ఉన్నవి ఒక్కొక్కటి 220 మెగావాట్ల తరహా. పడుకోబెట్టిన పెద్ద తొట్టెలాంటి కలాండ్రియాలో అడ్డంగా 306 గొట్టాలుంటాయి. ఒక్కో గొట్టంలో అర మీటరు పొడవున్న యురేనియం ఇంధనపు కట్టలు పన్నెండు. మొత్తం 3,672 కట్టలు. వాటి వేడిని భారజలం తీసుకుపోయి మామూలు నీటిని ఆవిరి చేస్తుంది, ఆవిరి టర్బైన్ తిప్పుతుంది. రియాక్టర్ ఆపకుండానే పాత కట్టలు తీసి కొత్తవి ఎక్కించడం ఈ రకం ప్రత్యేకత.

షిఫ్టుకు వచ్చిన ఆపరేటర్ మొదట వెళ్లే షిఫ్టు మనిషితో మాట్లాడాలి. ఏ పంపు నడుస్తోంది, ఏది సిద్ధంగా ఉంది, ఏ వాల్వుకు ట్యాగు కట్టి ఉంది, మరమ్మతు వాళ్లు ఎక్కడున్నారు. తర్వాత లాగ్‌బుక్కు చదవాలి. ఆ తర్వాతే లోపలికి. ప్లాంటును కలుషితం అయ్యే అవకాశాన్ని బట్టి జోన్లుగా విడదీస్తారు. ఒక జోన్ నుంచి ఇంకో జోన్‌కు పోవాలంటే చెప్పుల తొడుగులు మారతాయి, బట్టలు మారతాయి. ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది, ఎంత రేడియేషన్ తగిలిందో అది నెలల లెక్కన చెబుతుంది. అక్కడికక్కడ చూసుకోవడానికి జేబులో ఇంకో డోసు మీటరు. బయటికి వచ్చేటప్పుడు చేతులు, కాళ్లు యంత్రం మీద పెట్టి శుభ్రంగా ఉన్నాయని తేలితేనే తలుపు దాటాలి.

భారజలం రియాక్టర్లలో ప్రత్యేకమైన చిక్కు ట్రిటియం. భారజలం న్యూట్రాన్ల మధ్య ఉండి ఉండి రేడియోధార్మిక హైడ్రోజన్‌ను తయారుచేస్తుంది. అది నీటిలో నీరుగా కలిసిపోతుంది, ఆవిరై గాలిలోకి వస్తుంది, ఊపిరితో, చర్మంతో ఒంట్లోకి వెళ్తుంది. బ్యాడ్జి దాన్ని పట్టలేదు. అందుకే ఆపరేటర్లు క్రమం తప్పకుండా మూత్ర నమూనా ఇవ్వాలి. ట్రిటియం ఎక్కువగా ఉండే చోటికి వెళ్లాలంటే బయటి నుంచి గాలి పంపే ప్లాస్టిక్ సూటు వేసుకోవాలి. ఆ సూటులో చెమటతో నడుస్తూ, గ్లౌజు చేతులతో వాల్వు చక్రం తిప్పడం కష్టమైన పని. అయినా అది నిదానంగానే చేయాలి.

మూత్ర నమూనా విసుగు పుట్టించే నియమంలా కనిపిస్తుంది. 2009 నవంబరులో కైగాలో దాని విలువ దేశమంతటికీ తెలిసింది. మామూలుగా ఇచ్చిన నమూనాల్లో కొందరికి ట్రిటియం ఉండాల్సిన దానికంటే ఎక్కువగా కనబడింది. వెతికితే, ఎవరో కావాలని ట్రిటియం కలిసిన భారజలాన్ని మంచినీళ్ల కూలర్‌లో కలిపారని తేలింది. 50 మందికి పైగా ఉద్యోగులు ఆ నీళ్లు తాగారు. నమూనాల పద్ధతి లేకపోయి ఉంటే వాళ్లకు ఆ సంగతే తెలిసేది కాదు. కార్మికుడి ఒంట్లోకి ఏం వెళ్తోందో కొలవడం యాజమాన్యం దయతో చేసే పని అనుకోవడం ఎంత పొరపాటో ఆ ఘటన చూపించింది.

ఆపినా ఆరని వేడి

బొగ్గు బాయిలర్‌కు బొగ్గు ఆపేస్తే మంట ఆరుతుంది. రియాక్టర్‌ను ఆపేయొచ్చు గానీ దాని వేడిని వెంటనే ఆపలేం. 220 మెగావాట్ల కరెంటు ఇచ్చే రియాక్టర్ లోపల పుట్టే వేడి దానికి మూడు రెట్లకు పైగానే ఉంటుంది. ఆపిన క్షణంలో అందులో సుమారు 6 శాతం మిగిలే ఉంటుంది. గంట గడిచాక ఒకటిన్నర శాతం దగ్గరికి దిగుతుంది. శాతాలుగా చిన్నవే. మెగావాట్లుగా లెక్కవేస్తే, నీళ్లు పారకపోతే ఇంధనాన్ని కరిగించేయగల వేడి అది. అణు విద్యుత్ భద్రత అంతా చివరికి ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఆగుతుంది. కరెంటు పోయినా, పంపు ఆగినా, ఇంధనం మీద నీళ్లు పారుతూ ఉంటాయా?

ఈ ప్రశ్న మన దేశంలో 1993 మార్చి 31న నరోరాలో నిజంగానే ఎదురైంది. ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డున ఉన్న కేంద్రం అది. తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో మొదటి యూనిట్ టర్బైన్ చివరి వరుసలో రెండు బ్లేడ్లు విరిగాయి. తిరిగే టర్బైన్ తూకం తప్పింది. జనరేటర్‌ను చల్లబరిచే హైడ్రోజన్ బయటికి వచ్చి అంటుకుంది, నూనె తోడైంది. మంటలు కేబుళ్లకు పాకాయి. ఒకటి పోతే ఇంకొకటి పనిచేయాలని వేసిన కేబుళ్లు కూడా ఆ మంటలకు దూరంగా లేవు. కేంద్రం మొత్తం చీకటైంది. పంపులకు కరెంటు లేదు. కంట్రోల్ రూమ్‌లోకి పొగ చేరింది, అక్కడ ఉన్నవాళ్లు దాన్ని వదిలి రావలసి వచ్చింది.

రియాక్టర్‌ను ఆపేశారు. ఆ తర్వాత చేయాల్సినవన్నీ మనుషులు చేతులతో చేశారు. ఆపరేటర్లు బ్యాటరీ టార్చీలు పట్టుకుని రియాక్టర్ భవనం పైకి ఎక్కారు. అక్కడి వాల్వులు చేత్తో తిప్పి బోరాన్ ద్రావణాన్ని కిందికి వదిలారు, రియాక్టర్ మళ్లీ రాజుకోకుండా. ఇంకొందరు డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపులను నడిపి ఆ నీళ్లను ఆవిరి జనరేటర్లకు మళ్లించారు. రియాక్టర్ లోపలి భారజలం పంపు లేకుండానే, వేడి నీరు పైకి, చల్లటి నీరు కిందికి అన్న సహజ ప్రవాహంతో తిరిగింది. కేంద్రంలో కరెంటు లేని స్థితి సుమారు 17 గంటలు సాగింది. ఇంధనం చెడలేదు. రేడియోధార్మికత బయటికి పోలేదు. అంతర్జాతీయ ప్రమాద కొలబద్ద మీద అది 3వ స్థాయి ఘటన.

నరోరా గురించి రాసిన నివేదికలు బ్లేడ్ల రూపకల్పన గురించి, కేబుళ్ల వేరు గురించి, అగ్ని అడ్డుగోడల గురించి వివరంగా చెబుతాయి. అవి చెప్పాల్సినవే, తర్వాత మన కేంద్రాలన్నిటిలో ఆ మార్పులు వచ్చాయి కూడా. నాకు మాత్రం ఆ రాత్రి మెట్లెక్కిన మనుషులే ముఖ్యం. ఏ అంతస్తులో ఏ మూల ఏ వాల్వు ఉందో చీకట్లో వెతుక్కోకుండా వెళ్లగలిగారంటే, అంతకు ముందు వెలుతురులో ఎన్నోసార్లు అటు రౌండ్ కొట్టి ఉండాలి. చీకటి పడిన రోజున అక్కరకొచ్చింది ఆ నడకే.

1986లో చెర్నోబిల్‌లోనూ ఇలాంటిదే జరిగింది. పేలిన రియాక్టర్ కింద నీళ్లు నిండిన తొట్టి ఉంది. కరిగిన ఇంధనం దానిలో పడితే ఆవిరి పేలుడు వస్తుందని భయపడ్డారు. ఆ నీళ్లు దించే వాల్వులు నేలమాళిగలో ఉన్నాయి. అలెక్సీ అనానెంకో, వాలెరీ బెస్పాలోవ్, బొరిస్ బరానోవ్ అనే ముగ్గురు ప్లాంటు ఉద్యోగులు టార్చీలతో దిగి, గొట్టాన్ని పట్టుకుని పోయి, వాల్వులు తెరిచి వచ్చారు. ఆ ముగ్గురూ కొద్ది రోజుల్లోనే చనిపోయారన్న కథ లోకమంతా తిరిగింది. అది నిజం కాదు. బరానోవ్ 2005 దాకా బతికారు, మిగతా ఇద్దరూ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లున్నారు. వాళ్లను పంపడానికి కారణం కూడా సాదాదే. వాల్వులు ఎక్కడున్నాయో వాళ్లకు తెలుసు.

2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం మన పొరుగున కల్పాక్కంలో సునామీ వచ్చినప్పుడు మొదటి యూనిట్ పెద్ద మరమ్మతుల కోసం ఆపి ఉంది. రెండోది నడుస్తోంది. పంపుహౌస్‌లోకి సముద్రం ఎక్కింది, కండెన్సర్‌కు నీళ్లిచ్చే పంపులు ఆగాయి, ఆపరేటర్లు రియాక్టర్‌ను భద్రంగా ఆపారు. చల్లబరిచే ఏర్పాట్లు నిలబడ్డాయి. 2005 జనవరి 2న ఆ యూనిట్ మళ్లీ మొదలైంది. అదే సమయంలో పక్కనే ఉన్న టౌన్‌షిప్‌లో, జాలరి పల్లెల్లో ప్రాణాలు పోయాయి. ఇళ్లు మునిగిన ఊళ్లో కుటుంబాలు, గోడ లోపల డ్యూటీలో మనుషులు. ఆ గంటల్లో వాళ్ల మనసుల్లో ఏముందో ఏ లాగ్‌బుక్కులోనూ దొరకదు.

చూడకుండా రాసిన అంకె

ఈ పని ఎంత గొప్పగా చెప్పినా, దానికి శత్రువు విసుగు. నెలల తరబడి అదే గేజి అదే అంకె చూపిస్తుంది. ఇవాళ కూడా అదే ఉంటుందిలే అన్న నమ్మకం మెల్లగా పెరుగుతుంది. రాత్రి మూడింటికి కళ్లు మూతలు పడుతుంటే కాగితం మీద నిన్నటి అంకెనే దించేయాలనిపిస్తుంది. తిరగకుండానే తిరిగినట్టు రాసిన ఉద్యోగుల మీద అమెరికా అణు నియంత్రణ సంస్థ చర్యలు తీసుకున్న సందర్భాలున్నాయి.

మరమ్మతో పరీక్షో అయ్యాక తెరవాల్సిన వాల్వు తెరవకపోతే ఏమవుతుందో 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ చూపింది. ఆ తెల్లవారుజామున నీటిని శుద్ధి చేసే తొట్టిలో అడ్డుపడ్డ రెసిన్‌ను వదిలించే పనిలో ఉన్నారు. అది చేస్తుండగా ప్రధాన నీటి పంపులు ఆగిపోయాయి. అప్పుడు ఆదుకోవాల్సిన అత్యవసర పంపులు నడిచాయి గానీ నీళ్లు పోలేదు. అంతకు ముందు పరీక్ష కోసం మూసిన రెండు వాల్వులు మూసే ఉన్నాయి. ఎనిమిది నిమిషాల తర్వాత గానీ ఎవరూ చూడలేదు. ఆ ఎనిమిది నిమిషాలే ప్రమాదానికి మూలకారణం కావు, తెరుచుకుని ఇరుక్కుపోయిన ఇంకో వాల్వు అసలు నష్టం చేసింది. అయినా ఆ రెండు మూసిన వాల్వులు ప్లాంట్లలో పద్ధతులను మార్చాయి.

ఇప్పుడు ముఖ్యమైన వాల్వును ఒకరు తిప్పితే ఇంకొకరు వేరుగా వెళ్లి చూసి సంతకం పెడతారు. కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్లో వచ్చిన ఆదేశాన్ని ఆపరేటర్ తిరిగి చెబుతాడు, అవతలివాళ్లు సరే అన్నాకే చెయ్యి కదుపుతాడు. వాల్వు మీద ఉన్న నంబరును వేలు పెట్టి చదువుతాడు. మన కరెంటు శాఖలో ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోకుండా స్తంభం ఎక్కొద్దని చెప్పే నియమం, ప్లాంటులో ట్యాగు కట్టకుండా యంత్రం విప్పొద్దనే నియమం ఒకే తల్లి పిల్లలు. ఎల్‌సీ నిబంధన పాటించని చోట లైన్‌మన్లు ఎలా పోతున్నారో మన పల్లెలకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇంత జాగ్రత్త అంతా ఎందుకు అన్నదానికి కైగా మొదటి యూనిట్ జవాబిచ్చింది. 2016 మే 13న మొదలై 2018 డిసెంబరు 31 దాకా, 962 రోజులు ఒక్కసారి కూడా ఆగకుండా నడిచి అప్పటికి ప్రపంచ రికార్డు సాధించింది. పత్రికలు ఆ అంకెను రాశాయి. ఆ 962 రోజుల్లో ప్రతి షిఫ్టులో ఎవరో ఒకరు పంపుల మధ్య నడిచి, చిన్న చుక్క పెద్ద ధార కాకముందే పట్టుకున్నారన్నది ఎవరూ రాయలేదు.

మన రాయి, మన నీళ్లు

కైగా దేశీయ యురేనియంతో నడిచే కేంద్రం. అందులో తుమ్మలపల్లె వాటా ఎంతో విడదీసి చెప్పలేం గానీ దారి మాత్రం తెలిసిందే. వేములలో తవ్విన రాయి అక్కడి మిల్లులోనే పొడి అవుతుంది. మన రాతిలో సున్నం పాలు ఎక్కువ. జార్ఖండ్‌లోని జాదూగూడలో వాడినట్టు ఆమ్లం పోస్తే ఆమ్లమంతా సున్నమే తాగేస్తుంది. అందుకని ఇక్కడ సోడా ద్రావణంతో, ఒత్తిడి కింద వేడి చేసి యురేనియం లాగుతారు. 2007లో శంకుస్థాపన జరిగి, 2012లో మొదలైన ఈ మిల్లు దేశంలో ఆ పద్ధతిలో వచ్చిన మొదటిది. రోజుకు 3,000 టన్నుల రాయి పట్టే సామర్థ్యంతో కట్టారు. రాతిలో యురేనియం పాలు చాలా తక్కువ, కాబట్టి వేసిన రాయిలో దాదాపు అంతా వ్యర్థంగానే మిగులుతుంది. లాగిన పసుపు ముద్ద హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయానికి, ఎన్‌ఎఫ్‌సీకి పోతుంది. 1971లో పెట్టిన ఆ సంస్థలో అది గోళీలవుతుంది, కట్టలవుతుంది, రియాక్టర్లకు చేరుతుంది. భారజలం కూడా కొంతవరకు గోదావరి ఒడ్డున మణుగూరులో తయారైనదే. అణు కరెంటు దారిలో తెలుగు నేల చాలాచోట్ల ఉంది. అన్నిచోట్లా గేజి ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

వ్యర్థం మాత్రం వేములలోనే ఉండిపోతుంది. దాన్ని నిలవ చేసే చెరువు పక్కన ఉన్న కె.కె.కొట్టాల రైతులు తమ బోర్ల నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. గని నడిపే సంస్థ అది తమ వల్ల కాదంటూ వచ్చింది. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కలగజేసుకుంది, నిపుణుల పరిశీలన జరిగింది. రైతుల అనుమానం మాత్రం తీరలేదు. పులివెందుల ప్రాంతంలో నీటి చుక్క విలువ తెలిసిన ఎవరికైనా ఆ అనుమానాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం తగదు.

నా ఉద్దేశం స్పష్టంగా చెబుతాను. రియాక్టర్‌లో రౌండ్‌కు ఎంత విలువ ఇస్తామో గని దగ్గరి రౌండ్‌కూ అంతే విలువ ఇవ్వాలి. చెరువు కట్ట చుట్టూ ఉన్న పరిశీలన బావుల్లో నీటి మట్టం, నీటి గుణం చూసి రాసే మనిషి కూడా ఆక్సిలరీ ఆపరేటరే. అతను రాసిన అంకె ఆఫీసు అలమరాలో ఉండిపోకూడదు. నెలనెలా పంచాయతీ ఆఫీసు గోడ మీదికి తెలుగులో రావాలి. అది చేస్తే రైతుకు నమ్మకం రావచ్చు, లేదంటే ప్రశ్నించడానికి ఆధారమైనా దొరుకుతుంది. రెండూ మంచివే.

పనివాళ్ల విషయంలో కూడా ఇంతే. అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీ పరిమితి ప్రకారం రేడియేషన్ మధ్య పనిచేసేవాడికి ఐదేళ్లలో 100 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మామూలు జనానికి ఏడాదికి 1. ఈ పరిమితులు కాంట్రాక్టు కూలీకీ వర్తిస్తాయి. 2004 నాటి రేడియేషన్ రక్షణ నియమాల కింద ప్రతి రేడియేషన్ పనివాడి డోసు లెక్కనూ యజమాని భద్రపరచాలి. కాంట్రాక్టరు మారినా మనిషి మారడు, అతని ఒంట్లో చేరిన డోసు కూడా మారదు. అందుకే ఆ కాగితం పనివాడి దగ్గర కూడా ఉండాలి.

ఈ పనికి వెళ్లాలంటే

జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లల్లో ఎక్కువమంది ఇంజినీరింగ్ సీటు దగ్గరే ఆగి చూస్తారు. ఎన్‌పీసీఐఎల్ స్టైపెండరీ ట్రైనీ నోటిఫికేషన్లు వాళ్ల కంట పడవు. ఇంటర్ సైన్సు, లెక్కలు మంచి మార్కులతో పాసైనవాళ్లను ప్లాంట్ ఆపరేటర్ శిక్షణకు తీసుకుంటారు. ఐటీఐ చేసినవాళ్లకు మెయింటెనెన్స్ వైపు అవకాశం ఉంటుంది. డిప్లొమా, బీఎస్సీ వాళ్లకు సైంటిఫిక్ అసిస్టెంట్ స్థాయి శిక్షణ వేరు. స్టైపెండు ఇస్తూ శిక్షణ, తర్వాత ప్లాంటులో పరీక్షలు, అర్హత వచ్చాకే సొంతంగా షిఫ్టు. ఆపరేషన్ విభాగంలో అంచెలంచెలుగా లైసెన్సు పరీక్షలుంటాయి, కాబట్టి అక్కడ చేరాక చదువు ఆగదు. వయసు, మార్కుల నిబంధనలు నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంటాయి, అధికారిక ప్రకటనే చూసుకోవాలి. మధ్యవర్తి డబ్బు అడిగితే అది మోసమే.

కష్టాలు కూడా చెప్పాలి. ఊరికి దూరం. పండగ రోజు కూడా రియాక్టర్ నడుస్తుంది, షిఫ్టు ఉంటుంది. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మారుతూ పోయే డ్యూటీ నిద్రనూ కడుపునూ పాడుచేస్తుంది. భర్త పగలు పడుకుని ఉంటే పిల్లల్ని చప్పుడు చేయనీయకుండా చూసుకోవడం భార్య డ్యూటీ అయిపోతుంది. రాయలసీమ థర్మల్ కాలనీలో కాపురం చేసినవాళ్లను అడిగితే ఈ సంగతి ఇంకా బాగా చెబుతారు. జీతంతోపాటు ఇవన్నీ తూకం వేసుకునే వెళ్లాలి.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల ఆరు రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన చాలా ఏళ్లుగా ఉంది. అది రావాలా వద్దా అన్న చర్చలో అక్కడి జాలర్ల మాట ముందు వినాలి, తర్వాతే మిగతావాళ్ల మాట. వస్తే మాత్రం అక్కడ వందల మంది ఆపరేటర్లు కావాలి. ఆ పని ఏమిటో మన పిల్లలకు ఇప్పుడే తెలిసి ఉండటం మంచిది.

చివరగా రెండు విన్నపాలు. పెద్దముడియం నుంచి పులివెందుల దాకా ఇంటర్ చదివే పిల్లలున్న ప్రతి ఇంటికీ మొదటిది. ఎన్‌పీసీఐఎల్ ప్రకటనలను ఈఏపీసెట్ తేదీలతో పాటే చూడండి, కాలేజీల్లో గోడకు అంటించమని ప్రిన్సిపాళ్లను అడగండి. రెండోది తుమ్మలపల్లెలో, ఇంకెక్కడైనా రేడియేషన్ మధ్య కాంట్రాక్టు మీద పనిచేస్తున్న అన్నదమ్ములకు. మీ డోసు లెక్క ఎంతో రాతపూర్వకంగా అడగండి, ఇచ్చిన కాగితాన్ని ఇంట్లో భద్రంగా పెట్టుకోండి. అది చూసుకునే హక్కు మీకు ఉంది.